కింది నుంచి పైకి

"మీ చెల్లెలి కథ. కళ్ళు రెండూ పెట్టి చూడండి" అని ఎడిటర్ గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళిపోయాడు, ఇరవై రెండేళ్ళుగా ఆమె ప్రూఫులన్నీ ఒంటికన్నుతో చూస్తున్నట్టు. గోడ గడియారం మూడు చూపిస్తోంది. నాలుగింటికి పేజీలు పేర్చిన ఫారం మెషీను ఎక్కాలి. బల్ల మీద మూడు గ్యాలీ ప్రూఫులు పడి ఉన్నాయి. చెయ్యి పొడుగు కాయితాలు, సిరా ఇంకా ఆరలేదు, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. నాలుగోది, అంటే అసలు మొదటిది, ఇంకా రాలేదు. కథ పేరు ఆర్టిస్టు స్వయంగా చేత్తో రాస్తానని కూర్చున్నాడట, దానికి అచ్చు బ్లాకు తయారవ్వాలట, రాతప్రతిలో మొదటి కాయితం కూడా అతని దగ్గరే ఉండిపోయిందట. ఫోర్‌మన్ నొచ్చుకుంటూ చెప్పాడు. మిగతా వాళ్ళ కథలకు పేరు అరలో ఉన్న పెద్దక్షరాలతో పేర్చేస్తారు. చెల్లెలి కథకు మాత్రం ఆర్టిస్టు కుంచె ముంచుతాడు. సరే, ముంచుకోనీ. మొదటి గ్యాలీతో ఆమెకు తొందరేమీ లేదు. ఆమె ఏ కథనైనా చివరి నుంచే మొదలుపెడుతుంది. చివరి గ్యాలీలో చివరి పంక్తి, తర్వాత దాని పైది, తర్వాత దాని పైది, అలా కింది నుంచి పైకి. ఈ పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు, కథలో పడ్డావో తప్పులు కనపడవమ్మా, ఎవరు చచ్చారో ఎవరు బతికారో నీకెందుకు, కొమ్ముందా లేదా చూసుకో అని. అలా ఇరవై రెండేళ్ళలో కొన్ని వేల కథలు చూసింది, ఒక్కటీ చదవలేదు. ప్రెస్సులో అందరూ ఆమెను అక్కయ్యగారు అంటారు. ఆమె లేనప్పుడు భూతద్దం అంటారని ఆమెకు తెలుసు. భూతద్దానికి సొంతంగా ఏదీ కనపడదని వాళ్ళకు తెలియదు, అవతల ఏదైనా ఉంటేనే దానికి పని.

ఎర్ర పెన్ను మూత తీసి చివరి పంక్తి కింద స్కేలు పెట్టింది. 'పదకొండో ఉత్తరం తర్వాత నాన్న మళ్ళీ రాయలేదు.' అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, చుక్క సరైనచోట పడింది, తప్పేమీ లేదు. ఆమె చెయ్యి మాత్రం స్కేలు మీద నుంచి కదల్లేదు. ముప్ఫై రెండేళ్ళ కిందటి సంగతి, ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి, అచ్చులో, ఆరు మాటల్లో. పక్క గదిలో మెషీను ఏదో కరపత్రాన్ని తొక్కుతోంది, దడదడ, దడదడ, ఆ అదురుకి బల్ల మీది గుండుసూదులు పళ్ళెంలో సన్నగా మోగుతున్నాయి. నాన్న కొట్లో కూడా అలాగే మోగేవి, సూదులు కాదు, గడియారాలు. గోడకు ఇరవై, అద్దాల బీరువాలో అరవై, ఏ ఒక్కటీ రెండోదానితో ఏకీభవించేది కాదు. నాన్న వాచీలు బాగుచేసేవాడు. మాట్లాడేవాడు కాదు. కంటికి గాజుబిళ్ళ పెట్టుకుని తల వంచితే మళ్ళీ ఎత్తేసరికి మధ్యాహ్నం అయ్యేది. ప్రతి వాచీకీ దారంతో ఒక అట్టముక్క కట్టేవాడు, బొటనవేలంత ముక్క, దాని మీద సన్నటి అక్షరాలు. స్ప్రింగు విరిగింది. గురువారం. అద్దం మార్చాలి. రేపు. ఇక లాభం లేదు. ఆ చివరి మాట ఎక్కువగా పెళ్ళివాచీలకు రాసేవాడని అమ్మ నవ్వేది, నవ్వే రోజుల్లో. నాన్న ప్రపంచానికి రాసిన వాక్యాలన్నీ అవే. ఒక్కోటి రెండు మాటలు, మూడు మాటలు. చెల్లెల్ని పిచ్చుక అనేవాడు. తనను పెద్దది అనేవాడు, పెద్దదాన్ని పంపు, పెద్దది తిన్నదా, అంతే. బీరువాల్లోనూ పెద్దది చిన్నది ఉంటాయి.

స్కేలు పైకి జరిపింది. పంక్తి, పంక్తి, పంక్తి. ఒక 'ళ' బదులు 'ల' పడితే కొట్టింది, ఒక చోట రెండు మాటలు అతుక్కుంటే గీత పెట్టి విడదీసింది, చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. బుర్ర మాత్రం మాట వినడంలేదు, మొదటిసారిగా కథలో పడుతోంది. వేసవంతా గేటు దగ్గర నిలబడ్డ పిల్ల. పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే చెప్పులు లేకుండా పరుగెత్తే పిల్ల. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టే పిల్ల. అంతా చెల్లెలే. ఇంకో పిల్ల ఏదీ? ఆ ఇంట్లో పన్నెండేళ్ళ పిల్ల ఇంకొకతె ఉండాలే? ఉంది, నాలుగో గ్యాలీ నడుమ ఒకచోట ఉంది, జడ గట్టిగా లాగి వేసే అక్క. కథ మొత్తంలో ఆమెకు దక్కింది దువ్వెన. ఎర్ర పెన్ను కాయితంలోకి కాస్త లోతుగానే దిగింది. ఎప్పుడూ అంతే కదా, రెండేళ్ళ కిందట చెల్లెలి మొదటి పుస్తకం వచ్చినప్పుడు రేడియోలో మాట్లాడించారు, ఆమె ఇంట్లో బట్టలు మడతపెడుతూ విన్నది. మీ వాక్యాలు ఇంత పొట్టిగా, ఇంత పదునుగా ఉంటాయే, ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగాడు అడిగేవాడు. చెల్లెలు, మా నాన్న ఉత్తరాల దగ్గర అంది. చేతిలో ఉన్న దుప్పటి ఆమె అయిదుసార్లు మడిచింది, మడిచి విప్పి మళ్ళీ మడిచింది. పొయ్యి మీద ఏదో మాడింది. నాన్న ఉత్తరాలట. ఆ మనిషి జన్మలో ఒక ఉత్తరం రాసిన పాపాన పోలేదు.

మూడో గ్యాలీ. మూడుంపావు. ఇక్కడ కంపోజిటర్ వేరే అచ్చు వాడాడు, కాస్త వాలుగా ఉన్నవి, అంటే ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టారన్నమాట. కింది నుంచి చూస్తే ఉత్తరం తలకిందులుగా వచ్చింది. నాలుగూ ఒకటయ్యాక వస్తాను. బాగుచెయ్యడానికి నన్ను పిలిచారు. ఎవరికి నచ్చిన ముఖం వాళ్ళు చూసుకుంటారు. నాలుగూ నాలుగు టైములు చెబుతాయి. దానికి నాలుగు ముఖాలు. పిచ్చుకా, ఇక్కడొక గడియార స్తంభం ఉంది. ఆమె స్కేలు వదిలేసింది. ఒక్క మాట మారలేదు, ఒక్క చుక్క పోలేదు. ఆరేళ్ళ పిల్ల ముప్ఫై రెండేళ్ళు దాన్ని ఒంట్లో దాచుకుని తిరిగిందన్నమాట. మేడమెట్ల కింద, పాత బకెట్ల పక్కన, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, నాన్న వదిలేసి పోయిన అట్టముక్కలు ముందు పరుచుకుని, ఆ 'గ' కి తోక ఎలా తిప్పాడు, ఆ 'ర' ఎంత గుండ్రంగా చుట్టాడు అని చూసి చూసి పన్నెండేళ్ళ పెద్దది దించిన అక్షరాలు. అక్షరాలు దించుకోవచ్చు. వాక్యాలకే నమూనా లేదు. స్ప్రింగు విరిగింది అని రాసేవాడు పిచ్చుకా అని ఎలా మొదలుపెడతాడు, మొదలుపెట్టాక ఏమంటాడు? ఆ మనిషికి గొంతు ఆమే పెట్టాలి. పొట్టిగా పెట్టింది, ఎందుకంటే ఆయనవి పొట్టివే. నాన్న ఎందుకు రాడో ఒక కారణం కావాలి, ఎక్కడో ఒక స్తంభం కట్టింది, దానికి నాలుగు గడియారాలు తగిలించింది. రెండో ఉత్తరంలో ఒక ముఖం బాగుపడింది. నాలుగో ఉత్తరంలో పావురం వచ్చి పెద్దముల్లు మీద కూర్చుంటే ఊరు ఊరంతా అరగంట ఆలస్యమైంది. ఆ పావురం తోచిన రోజు ఆమె మెట్ల కింద ఒక్కతే పైకి నవ్వింది. అంతకు ముందు ఆరునెలల్లో అదే నవ్వడం. కవర్లకు కరువు లేదు. నాన్నకు వాచీ కంపెనీల నుంచి వచ్చిన పాత కవర్లు సంచీడు ఉన్నాయి, ముద్ర పడిన తపాలా బిళ్ళలతో సహా, పైనున్న చిరునామా ఎలాగూ తమదే. పోస్టుమాన్ నా చేతికిచ్చాడు అని చెబితే చాలు, చెల్లెలు లాక్కునేది.

లాక్కుని చదవడం చూసేది ఆమె. అక్కడే మొదలైంది ఈ జబ్బు. ఉత్తరం తనదే, అబద్ధం తనదే, పావురం తనదే, అయినా చెల్లెలు కూడబలుక్కుంటూ చదివి ఉత్తరాన్ని బుగ్గకు ఆనించుకుంటే ఆమెకు కడుపులో మండేది. దానికి నాన్న ఉత్తరం రాశాడు, నాకు రాయలేదు. ఈ మాటలో అర్థం లేదని పన్నెండేళ్ళ పిల్లకు తెలియదా, తెలుసు. తెలిసినా మంట తెలివిని అడిగి రాదు కదా. పైగా చెల్లెలు జవాబులు రాసేది, వంకరటింకర అక్షరాలతో, మడిచి అక్క చేతికిచ్చేది పోస్టు చెయ్యమని. నాన్నా, అక్క జడ గట్టిగా లాగుతోంది, చెప్పు. దానికి నాన్న తిరుగుటపాలో, అక్కకి చెప్పాను, ఇక మెల్లగా వేస్తుంది అని రాశాడు, రాశాక అక్క మెల్లగానే వెయ్యాల్సి వచ్చింది. నాన్నా, అక్క నీలం గౌను నాకు కావాలి. నాన్న ఇమ్మన్నాడు. ఆమెకు ఇష్టమైన గౌను అది, నాన్న మాట కాదనలేక ఇచ్చింది. నాన్న అనేవాడు ఉత్తరాల్లో ఎంత న్యాయంగా, ఎంత దయగా ఉండేవాడంటే, అలాంటి వాడికి కూతురుగా పుట్టిన చెల్లెల్ని చూస్తే ఏడుపొచ్చేది. తనకు దక్కిన నాన్న వేరు. తనకు దక్కిన నాన్నను ఆమె ఒక మధ్యాహ్నం వీధిలో చూసింది.

ఆ రోజు నాన్న భోజనం డబ్బా మరిచిపోయాడు. బడి లేదు, అమ్మ లాండ్రీ పనికి వెళ్ళింది, పెద్దది డబ్బా పట్టుకుని బయల్దేరింది. ఎండ. డబ్బా పిడి చేతికి కాలుతుంటే గౌను చివర చుట్టి పట్టుకుంది. కొట్టుకు తాళం. తాళం మీద దుమ్ము. పక్కన అద్దాలు కోసేవాడు తల ఎత్తకుండానే, మీ నాన్నా, నాలుగు నెలలైందే పిల్లా మూసి, ఇంట్లో చెప్పలేదా అన్నాడు. నాలుగు నెలలుగా నాన్న ప్రతి పొద్దున్నా చొక్కా ఇస్త్రీ చేసుకుని, గాజుబిళ్ళ జేబులో వేసుకుని కొట్టుకు బయల్దేరుతూనే ఉన్నాడు. వెనక్కి వస్తూ ఎందుకో మామూలు దారి వదిలి రెండో వీధిలోకి తిరిగింది. ఎందుకు తిరిగిందో ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తనను తానే అడిగిందో, తిరగకపోతే ఇంకో మనిషి అయ్యేదేమో. మూడో ఇంటి వరండాలో నాన్న కింద కూర్చుని ఉన్నాడు, ఇంట్లో ఎప్పుడూ కింద కూర్చోని నాన్న. ఒళ్ళో రెండేళ్ళ పిల్లవాడు. వాడి కీ బొమ్మ విప్పి, చిన్న పళ్ళచక్రం చూపించి ఏదో చెబుతున్నాడు. చెబుతూనే ఉన్నాడు. ఆగకుండా, నవ్వుతూ, పెద్ద పెద్ద వాక్యాలు. ఏమంటున్నాడో వినపడలేదు, ఎంత పొడుగ్గా అంటున్నాడో కనపడింది. లోపలి నుంచి ఒకామె వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పెద్దది డబ్బా అక్కడే గోడ పక్కన పెట్టేసి వచ్చింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు డబ్బా ఇల్లు చేరలేదు, నాన్నా చేరలేదు. అమ్మ అంది, పొరుగూరు వెళ్ళాడు, పనుంది. ఆ అబద్ధం ఎంత నాసిగా ఉందంటే, దాన్ని నిలబెట్టడానికి ఎవరో ఒకరు గడియార స్తంభం కట్టక తప్పలేదు.

రెండో గ్యాలీ. మూడున్నర. ఇప్పుడు ఆమె తప్పులు చూడడంలేదు, తన సొత్తు వెతుక్కుంటోంది. పావురం ఉంది. అరగంట ఆలస్యమైన ఊరు ఉంది. మొండిదైన నాలుగో ముఖం ఉంది. అన్నీ ఉన్నాయి, అన్నిటి కిందా నాన్న సంతకమే. వచ్చే నెలలో చెల్లెలి రెండో పుస్తకం, నాన్నకు అంకితమట, ఎడిటరే అన్నాడు మురిసిపోతూ. ఈ కథ అందులో మొదటిదట. జనం చదివి కళ్ళొత్తుకుంటారు. ఆ తండ్రి ఎంతటివాడో అంటారు. గాజుబిళ్ళ జేబులో వేసుకుని నాలుగు నెలలు నాటకమాడినవాడు పుస్తకం మొదటి పేజీలో శాశ్వతంగా కూర్చుంటాడు, మెట్ల కింద బకెట్ల పక్కన కూర్చున్నది ఇక్కడ ఇంకో ఇరవై ఏళ్ళు కొమ్ములూ దీర్ఘాలూ సరిచేస్తుంది. ప్రూఫు చూసేవాళ్ళకు ఒక హక్కుంది. అనుమానం వస్తే అంచున గీత గీసి రచయితకు ప్రశ్న వెయ్యొచ్చు. ఎడిటర్ ఆ ప్రశ్నలు గదిలో అందరి ముందూ పైకి చదువుతాడు, చదివి రచయితకు ఫోన్ చేస్తాడు, ఇదీ ఈ ఆఫీసు పద్ధతి. పావురం పక్కన, తెల్లటి అంచు మీద, ఆమె ఎర్ర సిరాతో నిలువునా రాసింది. ఈ ఉత్తరం రాసింది ఎవరు? రాసి చూసుకుంది. అక్షరాలు చక్కగా వచ్చాయి. ఒక్క ఫోన్‌తో చెల్లెలికి నాన్న పోతాడు, ఈసారి నిజంగా. పోనీ. అందరికీ పోయినవాడే. దీనికి ఒక్కదానికే ఎందుకు మిగలాలి?

అయితే పదకొండు దగ్గర ఎందుకు ఆగిందో కూడా చెప్పాల్సి వస్తుందేమో. ఎడిటర్ అడగడు, చెల్లెలు అడుగుతుంది. నాన్న అలిసిపోయి ఆగలేదు, కవర్లు అయిపోయి ఆగలేదు. చెల్లెలి చివరి జవాబు వల్ల ఆగింది. నాన్నా, అక్కకి కూడా ఒకటి రాయి. నాకే రాస్తే అక్క ఏడుస్తుంది. అది చదివి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉత్తరాలున్న పిల్ల ఉత్తరాల్లేని పిల్లకు బిచ్చం వేయిస్తోందే అనుకుంది. అనుకుంటూనే మెట్ల కిందకు వెళ్ళి కాయితం తీసింది. పన్నెండోది. నాన్న నుంచి పెద్దమ్మాయికి. పెన్ను పెట్టింది, పెట్టినచోటే ఆగిపోయింది. నాన్న తనను ఏమని పిలుస్తాడు? పిచ్చుక లాంటి పేరొకటి కావాలి. పెద్దదానా అని ఉత్తరం మొదలవదు. సాయంత్రం దాకా కూర్చుంది. పావురాలను పుట్టించిన బుర్రకు తన కోసం ఒక్క పిలుపు పుట్టలేదు. చీకటి పడే వేళకు అట్టముక్కలన్నీ బకెట్లో పడేసి నీళ్ళు పోసింది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ రాయలేదు. చెల్లెలు వేసవంతా గేటు దగ్గర నిలబడితే కిటికీలోంచి చూసింది, చూసి లోపల ఎక్కడో తృప్తి పడింది. ఇది కూడా అచ్చులో వెయ్యండి మరి.

నాలుగుకి పది నిమిషాలుండగా ఫోర్‌మన్ వచ్చాడు, నల్లటి వేళ్ళ కొసలతో మొదటి గ్యాలీ పట్టుకుని. "ఇదొక్కటే మిగిలిందక్కయ్యగారూ. వాళ్ళు మెషీను దగ్గర నన్ను తినేస్తున్నారు" అన్నాడు. చిన్న గ్యాలీ, ముప్ఫై పంక్తులుంటాయి. స్కేలు కింద పెట్టింది. కింది నుంచి పైకి. గేటు, అమ్మ, లాండ్రీ సబ్బు వాసన, ఇంటి ముందు మెట్టు. పంక్తి, పంక్తి, పంక్తి. 'చెబితే ఆగిపోతాయని చెప్పలేదు.' ఏమిటి చెబితే? స్కేలు పైకి. 'పెన్ను పట్టుకుని పెదాలు కదుపుతుంటే మెట్ల సందులోంచి చూశాను.' స్కేలు చేతిలోంచి జారి కింద పడింది, ఫోర్‌మన్ వంగి తీసిచ్చాడు, ఆమె తీసుకోకపోతే పళ్ళెం పక్కన పెట్టాడు. 'మూడో ఉత్తరం నాటికే నాకు తెలుసు.' దాని పైన, అన్నిటికంటే పైన, మొదటి వాక్యం. 'మా నాన్న ఉత్తరాలన్నీ మా అక్క రాసింది.' ఇంకా పైన, ఆర్టిస్టు కుంచెతో, కొట్లో గడియారాల మీద అంకెల్లా నిటారుగా, కథ పేరు. అక్క రాసిన నాన్న.

లోకం మొత్తం మొదటి పంక్తి చదివి లోపలికి వెళుతుంది, ఆమె ఒక్కతే గంటసేపు మండి మండి చివరికి గుమ్మం దగ్గరికి చేరింది. ముసలాయన పద్ధతి. తప్పులన్నీ పట్టుకుంది, కథ ఒక్కటి తప్ప. మూడో ఉత్తరం నాటికే. అంటే జడ సంగతి నాన్నకు రాయలేదు అది. నీలం గౌను నాన్నను అడగలేదు. దొంగముండ, ఆరేళ్ళకే. మొహం మీద చెప్పలేనివన్నీ మడిచి నా చేతికే ఇచ్చి, పోస్టు చెయ్యి అని, నేను లోపలికెళ్ళి చదువుకుంటుంటే బయట ఎదురుచూసింది. అక్కకి కూడా ఒకటి రాయి. ఆ మాట ఎవరికి రాసింది? ఎవరిని రాయమంది? అయినా అసూయ పోయిందనుకుంటే పొరపాటు. పోలేదు, ఇంకా బలిసింది. వేసవంతా గేటు దగ్గర నిలబడింది రానివాడి కోసం కాదు, ఇంట్లోనే ఉన్న మనిషి మళ్ళీ పెన్ను పట్టుకుంటుందేమోనని. ఎంత బాగా రాసింది, ఎంత పొట్టిగా రాసింది, ఎవరి దగ్గర నేర్చుకుందో ఇప్పుడు ఊరంతా చదువుతుంది. ఈ కథ నేను రాయాల్సింది. ఇరవై రెండేళ్ళు సిరా పక్కనే కూర్చుని నేను రాయాల్సింది, అది రాసేసింది.

"తప్పులున్నాయా అక్కయ్యగారూ?"

"ఇందులో లేవు. నాలుగోదాంట్లో గీతలు పెట్టినవి దిద్ది ఎక్కించు" అంది. అతను మూడూ ఎత్తి, రెండోదాని కోసం చెయ్యి చాచాడు. "ఆగు." పళ్ళెం పక్కనున్న స్కేలును అంచుకు ఆనించి, పావురం పక్కనున్న తెల్లటి అంచును సూటిగా చించి తీసింది. కథకు గీత కూడా తగల్లేదు. అతను వింతగా చూశాడు గాని అడిగే టైము లేదు, నాలుగు కాయితాలూ పట్టుకుని పరుగెత్తాడు. గడియారం నాలుగు చూపించింది. పక్క గదిలో మెషీను ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలైంది, దడదడ, దడదడ, ఈసారి అది తొక్కుతున్నది ఆమెనే. గుండుసూదులు మోగుతున్నాయి. బల్ల మీద మిగిలింది సన్నటి కాయితం ముక్క, వాచీకి కట్టే అట్టముక్కకంటే కాస్త పొడుగు. దాని మీద ఎర్రటి ప్రశ్న. ఈ ఉత్తరం రాసింది ఎవరు?

కింద చోటుంది. రెండు మాటలకు, మూడు మాటలకు సరిపోతుంది. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టేసి, సొరుగులో అడుగున ఎప్పటినుంచో పడి ఉన్న నల్ల పెన్ను తీసింది. అది రాయనని మొరాయిస్తే నాలుక మీద అద్ది, అరచేతి మీద గీసి చూసింది. గీత పడింది. 'గ' తోక ఎలా తిప్పాలో, 'ర' ఎంత గుండ్రంగా చుట్టాలో ఎవరినీ చూసి దించే పనిలేదు.

నేను, అని రాసింది. అక్కడ చుక్క పెట్టింది. తర్వాత చోటు చాలదని తెలిసి, ముక్కను తిరగేసి, ముప్ఫై రెండేళ్ళుగా ఆగిపోయిన చోటు నుంచి కాకుండా కొత్తగా, పై నుంచి మొదలుపెట్టింది.

పిచ్చుకా, నీకు పన్నెండోది బాకీ. ఇది నాన్న కాదు.